బయటికి దారి ఉన్న నీళ్ళు

సూరత్ జిల్లా పల్సానా పక్కన చెరకు తోటల మధ్య ఒక పిల్లకాలువ పోతుంది. తాపీ నది మీది కాక్రాపార్ ఆనకట్ట దగ్గర ఎడమ కాలువగా బయలుదేరిన నీళ్ళు కొమ్మలుగా, రెమ్మలుగా చీలి అక్కడిదాకా వస్తాయి. ఒకచోట కాలువ అడుగు మీటరు మేర కిందికి దిగింది. కాంక్రీటు అంచు మీంచి నీళ్ళు అద్దంలా వంగి జారుతాయి, కింద తెల్లగా నురగలు కక్కుతాయి, పది అడుగులు పోయాక ఏమీ జరగనట్టు సాగిపోతాయి. నేను వెళ్ళిన రోజున ఆ నురగలో ఒక నీలం రంగు హవాయి చెప్పు తిరుగుతోంది.

జారే నీటి కింద చెప్పు మునిగింది. నాలుగడుగుల అవతల తేలింది. తేలాక ప్రవాహంతో పాటు కిందికి పోవాలి కదా? పోలేదు. నెమ్మదిగా వెనక్కి, జారే నీటి వైపే వచ్చింది. వచ్చి మళ్ళీ మునిగింది. ఇరవై సార్లు లెక్కపెట్టి ఆపేశాను.

ఆ చెప్పు ఒక పదేళ్ళ పిల్లవాడిది. వాళ్ళ నాన్నది వరంగల్ వైపు పల్లె. మగ్గం పని కోసం సూరత్ ప్రాంతానికి వచ్చి స్థిరపడ్డ వేలాది తెలుగు కుటుంబాల్లో వాళ్ళదొకటి. ఆయన వాటర్‌జెట్ మగ్గాల షెడ్డులో పనిచేస్తాడు. పిల్లవాడు దిగి తెచ్చుకుంటానంటే నేను వద్దన్నాను. ఆయన నా వైపు వింతగా చూశాడు. "నడుమంత లోతు గూడ లేదు గద సార్, దిగితె ఏమైతది?" అన్నాడు.

న్యాయమైన ప్రశ్న. దానికి జవాబు కాలువ గట్టు మీద దొరకదు. కొండ ఏళ్ళలో, నీళ్ళు బండల మధ్య ఇరుక్కుని దూకే చోట, రెండున్నర మీటర్ల ప్లాస్టిక్ పడవలో తెడ్డు పట్టుకుని దిగేవాళ్ళ దగ్గర దొరుకుతుంది. వాళ్ళను కయాకర్లు అంటారు. నడుము లోతు నీళ్ళు మనిషిని ఎప్పుడు వదులుతాయో, ఎప్పుడు వదలవో వాళ్ళకు తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదు. తెలియకపోతే వాళ్ళు బతకరు.

నీటిలో కబురు ఎంత వేగంగా పోతుంది?

ముందుగా వంటింట్లో ఒక పని చేద్దాం. స్టీలు పళ్ళెం ఒకటి బోర్లించి కుళాయి కింద పెట్టండి. ధార సన్నగా, నిలకడగా పడనివ్వండి. ధార పడ్డ చోటి నుంచి నీళ్ళు పలుచని గుండ్రని బిళ్ళలా పరుచుకుంటాయి. కొంత దూరం పోయాక ఒక్కసారిగా గట్టు కట్టినట్టు లేస్తాయి. ఆ గట్టుకు అవతల నీరు మందంగా, నెమ్మదిగా ఉంటుంది. ఇప్పుడు ఒక పిన్నీసు మొనను గట్టుకు బయట ముంచండి. అలలు అన్ని వైపులకూ, ధార వైపు కూడా పోతాయి. గట్టుకు లోపల ముంచండి. అక్కడ అలలు వెనక్కి పోలేవు. పిన్నీసు వెనక కోసుగా ఒక గీత పడుతుంది, అంతే.

అలను నీరు పంపే కబురు అనుకోండి. కింద అడ్డం ఉంటే ఆ కబురు పైకి పోవాలి. లోతు తక్కువ నీటిలో అల వేగానికి సూత్రం చాలా తేలిక. లోతును 9.8తో గుణించి వర్గమూలం తీస్తే చాలు. జానెడు లోతులో, అంటే 20 సెంటీమీటర్లలో, అల వేగం సెకనుకు 1.4 మీటర్లు. మీటరు లోతులో 3.1 మీటర్లు. నీరు ఇంతకన్నా నెమ్మదిగా పారుతుంటే కబురు ఎదురెక్కి పైకి పోతుంది. అడ్డం ఉందని పై నీటికి ముందే తెలిసి మెల్లగా సర్దుకుంటుంది. నీరు ఇంతకన్నా వేగంగా పారుతుంటే కబురు కొట్టుకుపోతుంది. పై నీరు ఏమీ తెలియకుండానే వచ్చి గుద్దుకుంటుంది.

నీటి వేగాన్ని అల వేగంతో భాగిస్తే వచ్చే అంకెకు ఇంజనీర్లు ఫ్రూడ్ సంఖ్య అని పేరు పెట్టారు. విలియం ఫ్రూడ్ 19వ శతాబ్దపు ఇంగ్లీషు ఇంజనీరు. ఓడల చిన్న నమూనాలను తొట్టెలో లాగి, వాటి మీద నీటి అడ్డు ఎంతో కొలిచినవాడు. ఆ సంఖ్య ఒకటికి లోపల ఉంటే నెమ్మది నీరు, ఒకటి దాటితే దూకుడు నీరు. దూకుడు నీరు నెమ్మది నీరుగా మారే చోట పళ్ళెం మీద చూసిన గట్టు లేస్తుంది. పుస్తకాల్లో దాన్ని హైడ్రాలిక్ జంప్ అంటారు. నేను నీటి మెట్టు అంటాను. పళ్ళెం మీది పలుచని పొరలో మెట్టు లేవడానికి గురుత్వం కన్నా తలతన్యతే ముఖ్యమని 2018లో కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయంలో రాజేశ్ భగత్ బృందం వాదించింది. కాలువలో, ఏటిలో మాత్రం రాజ్యం గురుత్వానిదే.

చెప్పు ఎందుకు వెనక్కి వచ్చింది

ఇప్పుడు పల్సానా కాలువకు లెక్క కడదాం. మీటరు ఎత్తు నుంచి జారిన నీరు కిందికి వచ్చేసరికి సెకనుకు సుమారు 4.4 మీటర్ల వేగం అందుకుంటుంది. పొర మందం 20 సెంటీమీటర్లు అనుకుందాం. ఆ లోతులో అల వేగం 1.4 మీటర్లు. ఫ్రూడ్ సంఖ్య మూడు పైచిలుకు. అంటే అచ్చమైన దూకుడు నీరు. 19వ శతాబ్దంలో ఫ్రాన్సులో బెలాంజే కట్టిన సమీకరణంలో ఈ అంకెలు వేస్తే మెట్టు అవతల నీటి లోతు నాలుగింతలు, అంటే 80 సెంటీమీటర్లు అవుతుంది. నడుమంత కూడా లేదని ఆ తండ్రి అన్న లోతు ఇదే. నీటి వేగం సెకనుకు 1.1 మీటర్లకు పడిపోతుంది. వచ్చిన శక్తిలో పావు వంతుకు పైగా ఆ కొద్ది చోటులోనే సుడులుగా, చప్పుడుగా, వేడిగా ఖర్చయిపోతుంది. ఇంజనీర్లు కోరుకున్నదీ అదే. లేకపోతే దూకే నీరు కాలువ అడుగును తవ్వేస్తుంది.

ఆ ఖర్చు జరిగే తీరే చెప్పును పట్టేసింది. జారిన నీరు అడుగున నేలబారుగా దూసుకుపోతుంది. పైన మాత్రం నీరు ఒక రోకలి దొర్లినట్టు, మన వైపు నుంచి అంచు వైపుకు దొర్లుతుంది. తేలే వస్తువు ఏదైనా ఆ దొర్లే పొర మీద వెనక్కి వస్తుంది. జారే నీరు దాన్ని తొక్కుతుంది. అది మునిగి కొంత దూరం పోయి, తేలే గుణం వల్ల పైకి వచ్చి, మళ్ళీ ఆ పొరకే చిక్కుతుంది. మనిషి దేహమూ తేలేదే. లైఫ్ జాకెట్ వేసుకుంటే ఇంకా తేలేది.

ఇందులో ఇంకో మెలిక ఉంది. కింద ఎక్కడో తూము మూశారనుకోండి, కాలువలో నీటిమట్టం 80 సెంటీమీటర్లు దాటి పెరుగుతుంది. అప్పుడు మెట్టు అంచు వైపుకు వెనక్కి జరిగి మునిగిపోతుంది. నురగ తగ్గుతుంది, చప్పుడు తగ్గుతుంది. చూసేవాళ్ళకు ప్రమాదం తగ్గినట్టే ఉంటుంది. కానీ వెనక్కి దొర్లే పొర నేరుగా అంచు గోడ దాకా సాగుతుంది. ఇదివరకటి కన్నా పొడుగ్గా, గట్టిగా లాగుతుంది. సందడి తగ్గిన ఆ నీరే ఎక్కువ చెడ్డది.

కొండ ఏటిలో

పల్సానాలో నేల చదును. ఆ తాలూకా మీదుగా పోయే మీంఢోళా నది సోన్‌గఢ్ దగ్గర పుట్టి, 105 కిలోమీటర్ల దారిలో నెమ్మదిగా సముద్రం చేరుతుంది. కానీ ఆగ్నేయంగా డాంగ్ అడవుల్లోకి వెళ్తే అంబికా, పూర్ణా నదుల పుట్టుక దగ్గర నేల మెట్లు మెట్లుగా ఉంటుంది. సుమారు 6.6 కోట్ల ఏళ్ళ నాడు లావా పొరలు పొరలుగా పారి గడ్డకట్టిన దక్కన్ ట్రాప్స్ అవి. ట్రాప్ అనే మాటకు మూలమైన స్వీడిష్ పదానికి అర్థమే మెట్లు. వానాకాలంలో వఘై దగ్గరి గీరా జలపాతం చూస్తే ఆ పేరు ఎంత సరైనదో తెలుస్తుంది. ఒక్కో పొర అంచు దగ్గర నీళ్ళు దూకుతాయి. పల్సానా కాలువలో మనిషి కట్టిన అంచును అక్కడ రాయి కట్టింది.

మన దేశంలో సన్నని కొండ ఏళ్ళలో కయాకింగ్‌కు పేరుపడ్డ చోటు కేరళలోని కోడంచేరి. కోళిక్కోడ్ జిల్లాలో, తుషారగిరి జలపాతాల కింద చాలిప్పుళ, ఇరువంజిప్పుళ అనే ఏళ్ళు వయనాడు కొండల నుంచి దిగి చాలియార్ నదిలో కలుస్తాయి. 2013 నుంచి వానాకాలంలో అక్కడ మలబార్ రివర్ ఫెస్టివల్ పేరుతో పోటీలు జరుగుతున్నాయి. వేరే దేశాల నుంచీ కయాకర్లు వస్తారు. ఇలాంటి ఏళ్ళు కిలోమీటరు దూరంలోనే ఇరవై, ముప్ఫై మీటర్లు దిగుతాయి. గోదావరి డెల్టాలో పదుల కిలోమీటర్లు పోయినా నీరు అంత దిగదు.

నీటి పరిమాణం చూస్తే ఈ ఏళ్ళు చాలా చిన్నవి. 350 క్యూసెక్కుల నీరున్నా కయాకర్లకు చేతి నిండా పని. 1986 ఆగస్టు వరదలో ధవళేశ్వరం దగ్గర గోదావరి సుమారు 35 లక్షల క్యూసెక్కులు పారింది. దాంట్లో ఇది పదివేలో వంతు. అయినా 350 క్యూసెక్కులంటే సెకనుకు పది టన్నుల నీరు. పది మీటర్ల వెడల్పున పారే ఆ నీటిని మూడు మీటర్ల బండల సందులోకి తోస్తే వేగం పెరగక తప్పదు. వాటర్‌జెట్ మగ్గం నడిపే మనిషికి ఈ మాట విడమరచి చెప్పనక్కర్లేదు. సన్నని ముక్కులోంచి చిమ్మిన చెంచాడు నీళ్ళే కదా అక్కడ పేక పోగును గుడ్డ ఈ అంచు నుంచి ఆ అంచుకు లాక్కుపోతాయి!

వేగం రెట్టింపయితే నీటి తోపు నాలుగింతలవుతుంది. సెకనుకు మీటరు వేగంతో పారే నీరే మనిషి నడుమును, కాళ్ళను గట్టిగా తోస్తుంది. రెండు మీటర్ల వేగంలో ఆ తోపు నాలుగింతలు. మూడు మీటర్లలో తొమ్మిదింతలు. ఆ నీటితో బలానికి బలంగా తలపడితే గెలిచేవాడు లేడు. అందుకే కయాకర్ మొదట చేసే పని పడవ దిగి గట్టెక్కి నడవడం. పై నుంచి చూస్తే ఏరు ఒక సమమైన గీతలా ఆగిపోయి, అవతల ఏమీ కనబడకపోతే అక్కడ నీరు పడిపోతోందని అర్థం. అలాంటి గీత కనబడ్డ ప్రతిచోటా ఒడ్డు వెంట నడిచి, వంగి చూసి, ఒక ఎండుపుల్ల వేసి అది ఎటు పోతుందో చూస్తారు.

వాళ్ళు వెతికేవి నాలుగు గుర్తులు. మొదటిది నాలుక. రెండు బండల మధ్య నున్నగా, ముదురు రంగులో, కొస కిందికి ఉండేలా సాగిన నీరు. అది లోతైన దారి. అదే కోసు కొస ఎగువకు ఉంటే నీటి కింద రాయి దాగి ఉందన్నమాట. రెండోది బండకు ఎదురుగా దిండులా ఉబ్బిన నీరు. భయంగా కనబడుతుంది కానీ అది మేలు. నీరు రాతికి కొట్టుకుని పక్కకు మళ్ళుతోందని ఆ ఉబ్బు చెబుతోంది, పడవనూ అటే మళ్ళిస్తుంది. మూడోది బండ వెనక చాటు నీరు. ప్రవాహం కిందికి పోతుంటే అక్కడ నీరు తిరిగి పైకి, బండ వైపుకు వస్తుంది. కయాకర్ తెడ్డు ఒక పోటు వేసి, సైకిల్ మలుపులో ఒరిగినట్టు పడవను ఒరగనిచ్చి ఆ చాట్లోకి దూరుతాడు. అక్కడ ఊపిరి తీసుకుని, మెడ తిప్పి, ముందున్న మెట్టును చూసుకుంటాడు. మొత్తం ఏటిని ఒక్క పరుగున దిగడు. చాటు నుంచి చాటుకు దిగుతాడు.

నాలుగోది అన్నిటికన్నా ముఖ్యం. ప్రవాహం నేరుగా బండ మీదికి పోతున్నా దిండు లేవకపోవడం. నురగ లేదు, ఉబ్బు లేదు, నిశ్శబ్దం. నీరు బండ కిందికి, లోపలి గుల్లలోకి పోతోందన్నమాట. జల్లెడలో బియ్యం ఆగిపోయి నీళ్ళు మాత్రం కారినట్టు, నీటికి అక్కడ దారి ఉంది, పడవకూ మనిషికీ లేదు. అనుభవం ఉన్న కయాకర్లు జలపాతం కన్నా ఆ నిశ్శబ్దానికే ఎక్కువ భయపడతారు. పడవను భుజాన వేసుకుని ఆ చోటు దాటి అవతల దిగుతారు. అలా మోసుకుపోవడాన్ని ఆ విద్యలో ఓటమిగా చూడరు.

తెలుపు కథ

నీటికి రంగు లేదు కదా, నురగ తెల్లగా ఎందుకుంటుంది? అందులోని లక్షల గాలిబుడగల గోడలు వెలుతురును అన్ని వైపులకూ చెదరగొడతాయి. ఏ రంగునూ వదలకుండా, ఏ రంగునూ మింగకుండా తిప్పికొట్టడం వల్ల కంటికి తెలుపు అందుతుంది. పంచదార, ఉప్పు, దూది తెల్లగా ఉండటానికీ కారణం ఇలాంటిదే.

అంటే తెల్లనీరు సగం నీరు, సగం గాలి అనుకోవచ్చు. మామూలు నీటిలో అరవై కిలోల మనిషి మునిగితే సుమారు అరవై లీటర్ల నీటిని తోసిపుచ్చుతాడు, అరవై కిలోల బలంతో నీరు అతన్ని పైకెత్తుతుంది. సగం గాలి ఉన్న నురగలో ఆ బలం ముప్ఫై కిలోలే. ఎంత గొప్ప ఈతగాడైనా అక్కడ కిందికి పోతాడు. చేతులు ఆడిస్తే పట్టు దొరకదు, గాలిని తోసినట్టు ఉంటుంది. కయాకర్ తెడ్డుకూ అంతే. అందుకే అతను నురగలో పోరాడడు, నురగ కిందనున్న చిక్కని నీటిని వెతుకుతాడు. తెడ్డును లోతుగా దింపి, అక్కడి నీటిని పట్టుకుని పడవను లాగుతాడు.

చిన్న జలపాతం దూకేటప్పుడూ ఉపాయం ఇదే. అంచు మీద సరిగ్గా సమయం చూసి తెడ్డు ఒక్క పోటు వేసి, మోకాళ్ళతో పడవ ముక్కును పైకి లేపుతాడు. పడవ మొన కిందికి గుచ్చుకోకుండా చదునుగా, వెనక్కి దొర్లే పొరను దాటి అవతల పడుతుంది. దభీమని చప్పుడవుతుంది. ఆ చప్పుడును బట్టే ఈ దూకుడుకు కయాకర్లు 'బూఫ్' అని పేరు పెట్టుకున్నారు.

గుండానికి తలుపు

ఇప్పుడు ఆ తండ్రి ప్రశ్నకు తిన్నగా జవాబు చెప్పవచ్చు. కొండ ఏటిలోనూ నీటి మెట్లున్నాయి, వెనక్కి దొర్లే పొరలున్నాయి. పల్సానా కాలువ కన్నా పదింతలు భయంకరంగా కనబడతాయి. అయినా చాలా వాటిలోంచి మనిషి బయటపడతాడు. ఎందుకంటే రాయి ఎప్పుడూ అడ్డదిడ్డంగానే ఉంటుంది. నీరు దొర్లే గుండం ఒక పక్క లోతు, ఒక పక్క మిట్ట. ఒక అంచున నీరు తెగిపోయి కిందికి జారుతుంటుంది. ఆ తెగిన అంచే తలుపు. చిక్కిన కయాకర్ జారే నీటికి ఎదురీదడు, దొర్లే పొర వెంట పక్కకు జరిగి తలుపు వెతుక్కుంటాడు. పక్కన దారి లేకపోతే ముడుచుకుని లోతుకు దిగి, అడుగున ముందుకు దూసుకుపోయే నీటిని పట్టుకోవడానికి చూస్తాడు.

కాలువ అంచును ఇంజనీరు గీత గీసి కట్టాడు. ఈ గోడ నుంచి ఆ గోడ దాకా ఒకే ఎత్తు, ఒకే మందం, ఒకే వేగం. మెట్టూ అంతే సమంగా లేస్తుంది. రెండు కొసల్లోనూ నున్నని నిలువు గోడలు. పట్టుకోను వేరు లేదు, రాయి లేదు. ఆ గుండానికి తలుపు లేదు. పొందిగ్గా కట్టడమే దాన్ని ఉచ్చుగా మార్చింది. అందుకే ప్రపంచమంతటా కయాకర్లు పెద్ద జలపాతం కన్నా చిన్న కట్టుడు అంచును ఎక్కువగా తప్పుకుపోతారు.

పెద్ద నదికీ ఇదే చూపు కావాలి. పాపికొండల మధ్య గోదావరి సన్నబడి, లోతు పెరిగి, ఒడ్డులు మెలికలు తిరిగే చోట వరద రోజుల్లో ఎదురు నీళ్ళూ సుడులూ లేస్తాయి. కచ్చులూరు దగ్గర 2019 సెప్టెంబరు 15న పర్యాటకుల పడవ మునిగి యాభై మంది దాకా ప్రాణాలు కోల్పోయారు. ఆ పడవను అక్టోబరు 22 దాకా నది అడుగు నుంచి తీయలేకపోయారు. ఆ దుఃఖం తెలుగు ఇళ్ళలో ఇంకా పచ్చిగానే ఉంది. నీటిని చూసి ఈ రోజు వద్దు అనుకోవడం కూడా విద్యే, అందులో పిరికితనం ఏమీ లేదు. దాన్ని పడవ నడిపేవాళ్ళూ నేర్చుకోవాలి, ఎక్కేవాళ్ళూ నేర్చుకోవాలి.

ఇలాంటి అంచుల దగ్గర ఎవరైనా చిక్కితే, ఒడ్డున ఉన్నవాళ్ళు గుర్తుంచుకోవాల్సింది కొంచెమే. వెంట దూకకండి. దూకినవాళ్ళనూ అదే పొర పట్టుకుంటుంది. వెదురు గడ అందించండి. తాడు, చీర, ఖాళీ క్యాను కట్టిన పగ్గం విసరండి. ఒకరు 112కు ఫోన్ చేయాలి. ఇంకొకరు ఎగువకు పరిగెత్తి గేటు దించేలా చూడాలి. మన దగ్గరైతే కాలువ గేట్లు చూసే లస్కరును పిలవాలి. నీరు తగ్గిస్తే ఆ ఉచ్చు దానంతట అదే విడిపోతుంది.

ఇవన్నీ ఆ రోజు గట్టు మీద ఇంత వివరంగా చెప్పలేదు. ఒక ఎండు చెరకు ముక్కను అంచుకు ఎగువన వేసి, పిల్లవాడిని లెక్కపెట్టమన్నాను. ముక్క జారింది, మునిగింది, తేలింది, వెనక్కి వచ్చింది. చెప్పూ చెరకూ కలిసి తిరుగుతున్నాయి. వాడు పన్నెండు దాకా లెక్కపెట్టి ఆగి, "ఎప్పుడు బయటికొస్తది?" అని అడిగాడు. నీటి వంతు అయిపోయి కాలువ కట్టేసిన రోజున అడుగున పడి ఉంటుంది, అప్పుడు నడిచి వెళ్ళి తెచ్చుకోవచ్చు అన్నాను.

తండ్రి ఇంకా నీళ్ళకేసే చూస్తున్నాడు. రోజంతా సన్నని నీటిధార పోగును లాక్కుపోవడం చూసే మనిషి. కాసేపటికి కొడుకు చెయ్యి పట్టుకున్నాడు.

"చెప్పుదేముంది బిడ్డా, కొత్తయి కొందాం పా."

ఒక కాలికి చెప్పుతో, ఒక కాలు ఉత్తదిగా పిల్లవాడు గట్టు వెంట నడిచి వెళ్ళాడు.